మూడేళ్లు చూసుకోగలిగినన్నే నాటండి

(పల్లె ఇంటి చుట్టూ పండ్ల చెట్లు, బెర్రీ పొదలు పెంచుకోవడం గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పల్లెలో ఇంటి చుట్టూ కాస్త నేల ఉన్నవాళ్లు పండ్ల చెట్లు, బెర్రీ పొదలు ఎలా పెట్టుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. ఈ మాట ఎవరెత్తినా ఏ రకం తియ్యగా ఉంటుంది, ఏది తొందరగా కాస్తుంది అన్న దగ్గరే మొదలవుతుంది. నేను ఇంకోచోట మొదలుపెడతాను. మీకు ఎంత జాగా ఉందని కూడా అడగను. నడివేసవిలో, మోటారు మొరాయించిన వారంలో, బిందెలతో మోసైనా సరే మీరు ఎన్ని మొక్కలకు నీళ్లు పోయగలరు? ఆ లెక్క ఎంతో మీకే తెలుస్తుంది. అన్నే నాటండి. పన్నెండు అనిపిస్తే పన్నెండు, నాలుగనిపిస్తే నాలుగు. మిగిలిన జాగా ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు నాటుకోవచ్చు.

మామూలుగా జరిగేది వేరు. జాగా నిండా గుంతలు తీయించి, నర్సరీ బండిని తిన్నగా ఇంటి ముందు దింపించి, సాయంత్రానికల్లా అన్నీ నాటేస్తారు. ఆ రోజు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రెండో వేసవికి వరసల్లో ఖాళీలు మొదలవుతాయి. బతికినవి కూడా ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడి ఉంటాయి. నేల మంచిది కాదనో, మొక్క మంచిది కాదనో అనుకుంటారు.

అసలు సంగతి సంచి మట్టిలో ఉంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్లన్నీ ఆ సంచిలో పట్టేంత మట్టిలోనే ఉంటాయి. మొదటి కొన్ని నెలలు మొక్కకు అదే లోకం. చుట్టూ ఉన్న నేల తడిగానే ఉండొచ్చు, జానెడు దూరంలో వేలు పెడితే చల్లగా తగలొచ్చు. అయినా ఆ సంచి మట్టి ముద్ద ఎండిపోతే మొక్క వాడిపోతుంది, ఎందుకంటే జానెడు దూరంలో ఉన్న తేమ దాకా దానికి వేరే లేదు. అందుకే కొత్త మొక్కకు నీళ్లు పోసేటప్పుడు గుంతంతా కాదు, కాండం చుట్టూ ఉన్న ఆ మట్టి ముద్ద తడిసిందా లేదా చూడాలి. వేళ్లు బయటి నేలలోకి పాకడానికి ఒక ఏడాది, అక్కడ స్థిరపడడానికి ఇంకో ఏడాది. మూడో ఏడు దాటాక చెట్టు తన తిండి తనే చూసుకోవడం మొదలుపెడుతుంది. నేను మూడేళ్లు అని పట్టుబట్టేది అందుకే.

సరే, ఎక్కడ నాటాలి? గట్టి వాన పడి వెలిసిన మర్నాడు నేలంతా ఒక రౌండ్ వేయండి. ఎక్కడ నీళ్లు నిలిచాయో, ఎక్కడ కాలు దిగబడుతోందో చూసుకోండి. అనుమానం ఉన్నచోట అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, రెండోసారి పోసిన నీళ్లు గంటకు ఎంత దిగుతున్నాయో స్కేలుతో కొలవండి. గంటకు రెండున్నర సెంటీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ మురుగు నీరు పోయే దారి సరిగా లేనట్టే. వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలో గాలి ఉండాల్సిన సందులన్నీ నీళ్లతో నిండితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. బొప్పాయినే చూడండి, రెండు మూడు రోజులు నీళ్లలో నిలబడితే ఇక తేరుకోదు. అవకాడో కూడా అంతే సున్నితం. జామ, నేరేడు, పియర్ కాస్త ఓర్చుకుంటాయి. వేరే చోటు లేకపోతే గుంత తీయడం మానేసి, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి దాని మీద నాటండి.

ఎండ సంగతి తెలిసిందే. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ లేకపోతే చెట్టు పెరుగుతుంది గానీ కాపు నిలవదు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు ఎత్తుగా పెరిగేవాటిని ఉత్తరం వైపు, పొదలను దక్షిణం వైపు పెట్టుకుంటే ఒకదాని నీడ ఇంకోదాని మీద పడదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. మంచు కురిసే ప్రాంతాల్లో పల్లంలో నాటొద్దు. చల్లగాలి బరువుగా ఉండి రాత్రిపూట కిందికి జారి పల్లంలో చేరుతుంది, పూత మాడిపోయేది అక్కడే. ఇక ఇంటి గోడ, సెప్టిక్ ట్యాంకు, పైన కరెంటు తీగలు. మొక్కను చూసి కాదు, ఇరవై ఏళ్ల తర్వాతి చెట్టును చూసి దూరం వదలండి.

మొక్కల ఎంపికలో ఒక సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. ఆపిల్, పీచ్, ప్లమ్, చెర్రీ లాంటివి శీతాకాలంలో నిద్రపోతాయి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే వాటి మొగ్గలు సరిగ్గా మేలుకుంటాయి. చాలా ఆపిల్ రకాలకు 800 గంటలు, అంతకన్నా ఎక్కువ కూడా కావాలి. ఇజ్రాయెల్‌లో తయారైన అన్నా రకానికి 200 నుంచి 300 గంటలు చాలు. అంత చలి కూడా లేనిచోట ఆపిల్ మొక్క చావదు, మారాం చేస్తుంది. ఆకు ఒకచోట వస్తే ఇంకోచోట రాదు, పూత నెలల తరబడి విడతలు విడతలుగా వస్తుంది. దానికి ఎరువు వేసి లాభం లేదు. మన చలి ఎంతో తెలుసుకుని, అందులో ఇమిడే చెట్టును తెచ్చుకోవడమే మార్గం. ఇదే మాట తిరగేసి మామిడికి చెప్పొచ్చు. చిన్న మామిడి మొక్క చావడానికి ఒక్క గట్టి మంచు రాత్రి చాలు.

ఇక అంటు మొక్కా, విత్తనం మొక్కా అన్న ప్రశ్న. ఆపిల్ గింజ నాటితే తల్లి పండు రాదు, ఏమొస్తుందో ఎవరూ చెప్పలేరు. చాలా మామిడి రకాలదీ అదే దారి. నిమ్మ, నారింజ జాతుల్లో చాలావాటి గింజలో తల్లి కణజాలం నుంచే మొలకలు వస్తాయి కాబట్టి అవి తల్లినే పోలి ఉంటాయి, అయితే కాపుకి రావడానికి బాగా ఆలస్యం చేస్తాయి. మామిడి అంటు మూడో ఏటో నాలుగో ఏటో కాస్తుంది. టెంక మొక్క ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. మూడేళ్ల చాకిరీ చేసేది మీరే కదా, అంటునే తెచ్చుకోండి.

అంటులో కింది భాగాన్ని రూట్‌స్టాక్ అంటారు. జనం పట్టించుకోని భాగం అది, చెట్టు ఎత్తును చాలావరకు తేల్చేది కూడా అదే. ఐరోపాలో వందల ఏళ్లుగా పొట్టి ఆపిల్ చెట్లకు వాడే వేర్లు రకరకాల పేర్లతో కలగాపులగంగా ఉండేవి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం 1913లో మొదలయ్యాక రొనాల్డ్ హాటన్ వాటినన్నిటినీ తెచ్చి, ఏది ఏదో వేరుచేసి నంబర్లు ఇచ్చాడు. అందులో తొమ్మిదోది ఎమ్-9. విత్తనం వేరు మీద ఎనిమిది తొమ్మిది మీటర్లు పెరిగే ఆపిల్ దీని మీద మూడు మీటర్ల లోపే ఆగుతుంది, రెండు మూడేళ్లకే కాస్తుంది. దానికి తగ్గ బలహీనతా ఉంది. వేరు బలం తక్కువ కాబట్టి జీవితాంతం ఊతకర్ర కావాలి, నీళ్ల ఎద్దడికి తట్టుకోలేదు. ఊతం, నీళ్లు రెండూ పెట్టగలిగినవాళ్లకే పొట్టి చెట్లు. మామిడిలో పొట్టితనం పై భాగం నుంచి కూడా రావచ్చు. దసేరీ, నీలం రకాలను కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1971లో ఇచ్చిన ఆమ్రపాలి అలాంటిదే. మామూలు మామిడికి 10 మీటర్ల దూరం వదిలితే దీన్ని రెండున్నర మీటర్లకొకటి కూడా నాటారు.

నర్సరీకి వెళ్లినప్పుడు కాయతో ఉన్న మొక్క దగ్గర ఆగిపోకండి. కాయ ఉందంటే ఆ మొక్క సంచిలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ రోజులు ఉండి ఉండొచ్చు. సంచిని పైకెత్తి అడుగు చూడండి. కింది కన్నాల్లోంచి లావుపాటి వేరు పొడుచుకొచ్చి తెగి ఉంటే పక్కన పెట్టేయండి. వీలైతే సంచి తీసి చూపించమనండి. ఇవ్వనంటే ఇంకో నర్సరీ చూసుకోండి. మట్టి ముద్ద చుట్టూ వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే నాటాక కూడా అవి అలాగే తిరుగుతాయి, లావయ్యాక ఒకదాన్నొకటి బిగిస్తాయి. మరీ ముదరకపోతే బ్లేడుతో ముద్ద పక్కల్లో మూడు నాలుగు చోట్ల పై నుంచి కిందికి సెంటీమీటరు లోతు కోత పెట్టండి, కొత్త వేళ్లు బయటికి తిరుగుతాయి. నాటేటప్పుడు సంచి మొత్తం తీసేయాలని చెప్పడం వింతగా ఉందా? సంచితో సహా నాటేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. (నవ్వులు) నవ్వకండి, అంటు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ టేపును మీలో ఎంతమంది విప్పారు? అది విప్పకపోతే కాండం లావయ్యేకొద్దీ కోసుకుపోతుంది, ఒకరోజు గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

గుంత గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఇక్కడ చేసింది మళ్లీ దిద్దడం కష్టం.

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి, పశువుల ఎరువు కలిపి నింపమని చాలా చోట్ల చెబుతారు. కింద గట్టి పొర ఉన్న నేలలో ఆ పొరను పగలగొట్టడానికి లోతు గుంత పనికొస్తుంది, కాదనను. కానీ బంకమన్ను నేలలో అదే పని చేస్తే గుంత గిన్నె అవుతుంది. చుట్టూ నీళ్లు దిగని మన్ను, మధ్యలో గుల్లగా ఉన్న ఎరువు మట్టి. వాన పడితే చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే వచ్చి నిలుస్తాయి. వేళ్లు కూడా ఆ మెత్తని మట్టి దాటి బయటికి పోవడానికి ఇష్టపడవు. ఇంకో చిక్కు కూడా ఉంది. మొక్క అడుగున వేసిన ఎరువు చివుకుతూ కుంగుతుంది, దాంతోపాటు మొక్కా కుంగుతుంది. నాటిన రోజు నేలకు జానెడు ఎత్తున ఉన్న అంటు అతుకు రెండో ఏటికి మట్టిలో కూరుకుపోతుంది. అతుకు మట్టిలోకి పోతే పై భాగం సొంతంగా వేళ్లు వేస్తుంది. పొట్టి రూట్‌స్టాక్ కోసం పెట్టిన డబ్బు అక్కడితో వృథా, చెట్టు తన మామూలు ఎత్తుకు పోతుంది. బత్తాయి, నిమ్మలకైతే మొదలు కుళ్లు తెగులు పట్టుకుంటుంది.

కాబట్టి నేను చెప్పే గుంత లోతు సంచి మట్టి ముద్ద ఎంతో అంతే. వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు. అడుగున కదలని గట్టి నేల ఉండాలి, మొక్క దాని మీద కూర్చుంటుంది. తడి నేలలో పారతో తీసిన గుంత గోడలు నున్నగా మెరుస్తాయి, లేత వేరు ఆ నునుపును పొడవలేక పక్కకు తిరుగుతుంది. నాటే ముందు గునపం మొనతో గోడల నిండా గీతలు పెట్టి గరుకు చేయండి. తర్వాత ఒక కర్రను గుంత మీద అడ్డంగా పెట్టి చూడండి. మట్టి ముద్ద పైభాగం కర్రకు తాకుతూ ఉండాలి, అంటు అతుకు కర్రకు 10 నుంచి 15 సెంటీమీటర్లు పైన ఉండాలి. తవ్విన మట్టినే సగం వరకు నింపి, నీళ్లు పోసి, ఆ నీళ్లు ఇంకనిచ్చి, మిగతాది నింపండి. కాలితో తొక్కి గట్టిపరచకండి, ఆ పని నీళ్లు చేస్తాయి. ఎరువు వేయాలనుకుంటే బాగా మాగినది పైన, మొదలుకు దూరంగా పరచండి.

ఊతకర్రకు కట్టేటప్పుడు బిగించకండి. కాండం కాస్త ఊగితేనే లావెక్కుతుంది. ఏడాది తర్వాత ఊతం తీసేయొచ్చు, ఎమ్-9 లాంటివి తప్ప. వారానికోసారి అంటు కింది నుంచి చిగురు వచ్చిందేమో చూసి, లేతగా ఉన్నప్పుడే బొటనవేలితో గిల్లేయండి. ఆ చిగురు రూట్‌స్టాక్‌ది, పైదానికన్నా మొండిది. వదిలేస్తే అదే చెట్టవుతుంది. నాలుగేళ్లకు కాయ కోసి నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది, నర్సరీవాళ్లు మోసం చేశారని తిట్టుకుంటారు. అసలు రకం ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, మనం చూసి ఉండం.

పాదు గురించి రెండు ముక్కలు. మొదలు చుట్టూ నీళ్లు నిలబెట్టకండి. కాండం చుట్టూ చిన్న మట్టి కట్ట, దానికి బయట ఇంకో కట్ట వేసి, రెండింటి మధ్య నీళ్లు పోయండి. మొదటి నెలల్లో లోపలి కట్ట సంచి ముద్ద అంచులోనే ఉండాలి, అప్పుడే నీళ్లు వేళ్లకు అందుతాయి. ఏటా రెండు కట్టలనూ బయటికి జరుపుతూ పోండి. నీటిని, పోషకాలను తీసుకునే సన్నవేళ్లు ఎక్కువగా నేల పై రెండడుగుల లోపే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. పెద్ద చెట్టుకు మొదట్లో బుట్టెడు ఎరువు కుమ్మరిస్తే అందులో చాలావరకు దానికి అందదు. నీళ్లు తక్కువగా ఉన్నవాళ్లు కుండ పద్ధతి చూడండి. మెరుగు పెట్టని మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి, నింపి మూత పెడితే అది రోజుల తరబడి నెమ్మదిగా చెమ్మ వదులుతుంది. చైనాలో దీన్ని రెండు వేల ఏళ్ల క్రితమే రాసిపెట్టారు.

ఇప్పుడు గడ్డి. 1894లో ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో ఒక ప్రయోగ పండ్లతోట మొదలైంది. స్పెన్సర్ పికరింగ్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. కొన్ని ఆపిల్ మొక్కల కింద నేలను శుభ్రంగా ఉంచి, కొన్నిటి కింద గడ్డి వేశాడు. గడ్డిలో ఉన్నవి దారుణంగా గిడసబారాయి. గడ్డి ఏదో విషం వదులుతోందని ఆయన అనుకున్నాడు. నీళ్లకు, నత్రజనికి జరిగే పోటీతోనే చాలావరకు అర్థం చెప్పొచ్చని తర్వాతివాళ్లు తేల్చారు. కారణం ఏదైనా, లేత చెట్టు మొదలు చుట్టూ మీటరు వెడల్పున గడ్డి ఉండకూడదు. కలుపు తీసి ఊరుకోకుండా ఎండుటాకో, గడ్డో, చెక్కపొట్టో మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం జానెడు దూరం వదిలేయండి. కాండానికి ఆనించి పరిస్తే చెదలు, ఎలుకలు, కుళ్లు మూడూ వచ్చి చేరతాయి. చెక్కపొట్టును మట్టిలో కలపొద్దు, పైనే ఉంచాలి. కలిపితే అది చివికేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది.

మొదటి పూత వచ్చిందంటే ఇంట్లో పండగే. ఆ పూతను తుంచేయమంటే మనసొప్పదు, తెలుసు. అయినా మొదటి రెండేళ్లు తుంచాలి. పిందె నిలిస్తే వేరుకు, కొమ్మకు పోవాల్సిన బలం దానికి పోతుంది. ముచ్చట తీరకపోతే ఒక్క కాయ ఉంచుకోండి, రుచి చూసి రకం సరైనదో కాదో తెలుసుకోవచ్చు.

కత్తెర పట్టేముందు మీ చెట్టు ఏ కొమ్మ మీద కాస్తుందో తెలుసుకోండి. జామ ఈ ఏడు వచ్చిన కొత్త చిగురు మీద పూస్తుంది, కాబట్టి కత్తిరిస్తే కాపు పెరుగుతుంది. మామిడి ముదిరిన కొమ్మల చివర పూస్తుంది. పూతకు కొన్ని నెలల ముందు కత్తిరించారంటే లేత చిగురు వచ్చి, ఆ ఏటికి అక్కడ పూత ఉండదు. ద్రాక్ష కిందటేడు పెరిగిన కొమ్మ మొగ్గల్లోంచి కాస్తుంది. ఆపిల్ ఎక్కువగా రెండేళ్లు దాటిన పొట్టి రెమ్మల మీద ఏళ్ల తరబడి కాస్తుంది. ఒకే కత్తెర, ఒకే నెల, అన్నిటికీ ఒకటే పద్ధతి అంటే కుదరదు. కోసేచోటు కూడా ముఖ్యం. కొమ్మ కాండంతో కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి, దాని అంచున కోయాలి. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెట్లను వేల సంఖ్యలో నిలువునా కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదని, చుట్టూ గోడ కట్టి వేరుచేస్తుందని 1970ల్లో వివరించాడు. ఆ ఉబ్బును కూడా చెక్కేస్తే కుళ్లు లోపలికి దిగుతుంది. కోతకు రంగు పూయడం వల్ల కుళ్లు ఆగదని కూడా చూపించాడు.

పూత బాగా వచ్చి కాయ నిలవకపోతే ముందు పరాగం సంగతి చూడండి. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజినీరు చిలీ నుంచి పెద్ద పండ్ల స్ట్రాబెర్రీ మొక్కలు ఫ్రాన్స్‌కు మోసుకొచ్చాడు. నెలల ఓడ ప్రయాణంలో అయిదే బతికాయి. అవి పూశాయి గానీ కాయలేదు, ఎందుకంటే ఆయన తెచ్చినవన్నీ ఆడ మొక్కలే. తర్వాత ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ పక్కన నాటితే కాశాయి. ఆ రెండింటి కలయికలో పుట్టిందే ఇవాళ మనం తినే స్ట్రాబెర్రీ. ఆపిల్‌కి దాదాపు ఎప్పుడూ ఇంకో రకం ఆపిల్ దగ్గర్లో ఉండాలి. బొప్పాయి గుంతకు రెండు మూడు మొలకలు పెట్టి, పూత చూశాక మగవాటిలో ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. సీతాఫలం పువ్వు మొదట ఆడదిగా, తర్వాత మగదిగా ఉంటుంది. సాయంత్రం మగ దశకొచ్చిన పువ్వు నుంచి పుప్పొడి తీసి, పొద్దున్నే విచ్చుకుంటున్న పువ్వుకు మెత్తటి బ్రష్‌తో అంటిస్తే కాపులో తేడా కనిపిస్తుంది. మామిడిని ఎక్కువగా పరాగసంపర్కం చేసేది ఈగలు. మనం అసహ్యించుకునే ఈగలే! పూత మీద పురుగుమందు కొడితే అవీ పోతాయి, కాపూ పోతుంది.

ఇక బెర్రీలు. చెట్టు కాపుకొచ్చేదాకా ఆగలేనివాళ్లకు ఇవే దిక్కు, ఏడాది రెండేళ్లలో చేతికొస్తాయి.

బ్లూబెర్రీని అందరూ అడుగుతారు. దానికి పీహెచ్, అంటే నేల పులుపు కొలత, 4.5 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లటి నేల కావాలి, మామూలు తోట మట్టిలో ఆకులు పసుపుబారి చస్తుంది. ఈ సంగతి తేల్చింది అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్, 1910లో రాశాడు. అది చదివి న్యూజెర్సీలో తోటలున్న ఎలిజబెత్ వైట్ ఆయనకు ఉత్తరం రాసింది. అడవిలో లావు కాయలున్న పొదలు వెతికి తెచ్చినవాళ్లకు డబ్బిచ్చి, వాళ్ల పేర్లే ఆ పొదలకు పెట్టింది. ఇద్దరూ కలిసి 1916లో మొదటి పంట అమ్మారు. అంతకుముందు బ్లూబెర్రీ అడవిలో ఏరుకునేదే. మీ నేల సున్నపు నేలైతే దాన్ని మార్చే ప్రయత్నం చేయొద్దని నా సలహా. గంధకం వేసినా నెలలు పడుతుంది, బోరు నీళ్లు మళ్లీ వెనక్కి లాగుతాయి. పెద్ద కుండీలో పుల్లటి మట్టి నింపి, వాన నీళ్లతో పెంచుకోండి.

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీలకు వేరు ఏళ్ల తరబడి ఉంటుంది, కొమ్మ మాత్రం రెండేళ్లే. చాలా రకాల్లో మొదటి ఏడు కొమ్మ పెరిగి, రెండో ఏడు కాసి చచ్చిపోతుంది. కాసిన కొమ్మను నేల మట్టానికి కోసేసి, పక్కన వచ్చిన ఆకుపచ్చ కొమ్మను ఉంచాలి. తోట నీటుగా కనబడాలని అన్నీ కోసేస్తే వచ్చే ఏడు పళ్లుండవు. స్ట్రాబెర్రీ మొక్క నడిమొగ్గ సరిగ్గా నేల మట్టానికి ఉండాలి. మట్టిలోకి పోతే కుళ్లుతుంది, పైకి ఉంటే ఎండుతుంది. మూడు నాలుగేళ్లకోసారి పక్కతీగల నుంచి కొత్త మడి వేసుకోవాలి. వేడి ప్రాంతాలవాళ్లు వీటి వెంట పడకుండా మల్బరీ వేసుకుంటే హాయి. పెన్సిలంత లావు కొమ్మ ముక్కను మూడు మొగ్గలుండేలా కోసి గుచ్చితే వేరు పడుతుంది. బట్టలు ఆరేసే చోట మాత్రం వద్దు, పండ్ల మరకలు పడతాయి. వాక్కాయ ముళ్లకంచెకూ పనికొస్తుంది, కాయా ఇస్తుంది, ఒకసారి నిలదొక్కుకుంటే నీళ్లు అడగదు.

ఇక ప్రశ్నలు. ఆ మూల కూర్చున్న అక్క అడుగుతున్నారు, వరసల మధ్య కూరగాయలు వేయొచ్చా అని. వేయొచ్చమ్మా, మొదటి మూడేళ్లు వేస్తేనే మంచిది. వాటికి పోసే నీళ్లతో చెట్లనూ చూస్తూ ఉంటారు. బొబ్బర్లు, పెసర లాంటివైతే నేలకూ బలం. మొదలు చుట్టూ ఆ మీటరు మాత్రం ముట్టుకోకండి. జొన్న, మొక్కజొన్న లాంటి పొడుగు పైర్లు వద్దు.

చచ్చిన చెట్టు గుంతలోనే కొత్తది పెట్టొచ్చా? అదే జాతిదైతే వద్దు, ముఖ్యంగా ఆపిల్, నిమ్మ జాతులు. పాత వేళ్లను తిన్న నులిపురుగులు, బూజులు అక్కడే కాచుకుని ఉంటాయి. కొన్ని మీటర్లు పక్కకు జరగండి, లేదా వేరే జాతి పెట్టండి.

పెద్దాయనా, మీరు చెప్పండి. మేకలా? (నవ్వులు) మేకలకు నా దగ్గర మందు లేదండి, కంచె ఒక్కటే. మొక్క తెచ్చాక కంచె వేద్దామనుకుంటే ఆ మధ్య రోజుల్లోనే పని అయిపోతుంది. చివరి మొగ్గ ఒక్కసారి కొరికిందంటే ఏడాది వెనక్కి పోయినట్టే. డబ్బు కొంచెమే ఉంటే నేలంతా కాకుండా ఒక్కో మొక్కకు విడిగా నాలుగు కర్రలు పాతి, అయిదడుగుల ఎత్తు వల చుట్టండి. ఎలుకలు, కుందేళ్లు బెరడు కొరికే చోట్ల దానికి తోడు సన్న కన్నాల ఇనుప వలను కాండం చుట్టూ వదులుగా, రెండడుగుల ఎత్తున, కొంచెం మట్టిలోకి దిగేలా పెట్టండి. బెరడు చుట్టూరా పోతే ఆ పైన చెట్టు ఇక లేనట్టే. కాండం లావయ్యేకొద్దీ వలను వదులు చేస్తూ ఉండాలి.

టైమ్ అయిందంటున్నారు. ఎవరైనా నాటాల్సిన మొక్క వెంట తెచ్చుకుని ఉంటే తీసుకురండి, సంచి విప్పి వేళ్లు ఎలా ఉన్నాయో చూద్దాం.